సొంతంగా చేసుకున్న 20 గ్రాముల హెడ్‌ల్యాంపుతో కొండదారి: ఏ బసలో ఎంత పనికొచ్చింది

హెడ్‌ల్యాంపు బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది బల్బును కాదు. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ బరువు అర గ్రాము కూడా ఉండదు. బరువంతా బ్యాటరీలోనూ, నుదుటి పట్టీలోనూ, ప్లాస్టిక్ డబ్బాలోనూ ఉంటుంది. ఆల్కలైన్ ట్రిపుల్ ఏ సెల్ ఒక్కోటి 11 గ్రాముల పైమాటే. మూడు వేస్తే, దీపం ఇంకా మొదలవకముందే 35 గ్రాముల దాకా అయిపోతుంది. అదే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయితే 3 గ్రాములు. నైట్‌కోర్ ఎన్‌యూ25 అనే తేలిక హెడ్‌ల్యాంపు కొన్నవాళ్లలో చాలామంది దాని వెడల్పాటి పట్టీ తీసేసి సన్న ఎలాస్టిక్ తాడు వేసుకునేది కూడా ఈ లెక్కతోనే.

ఆ లెక్కతోనే నేను రెండు దీపాలు చేసుకుని కొండదారి పట్టాను. కొన్ని రాత్రులు టెంట్లో, కొన్ని డార్మిటరీలో, చివర్లో రోడ్డు పక్క లాడ్జిలో గడిచాయి.

మొదటి దీపం చాలా చిన్నది. ఒక సీఆర్2032, ఒక తెల్ల ఎల్ఈడీ, ఒక ఎర్ర ఎల్ఈడీ, చిన్న స్లైడ్ స్విచ్. తెల్లదానికి రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) అక్కర్లేదు. బిళ్ల బ్యాటరీ ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, దాని లోపలి నిరోధమే ఎల్ఈడీని కాపాడుతుంది. ఎర్రది 2 వోల్టులకే వెలుగుతుంది కాబట్టి దానికి మాత్రం 100 ఓమ్‌లది ఒకటి పెట్టాను. తాడుతో కలిపి 10 గ్రాముల లోపే.

రెండోది నడకకు. 300 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటల) లిథియం పాలిమర్ సెల్, మూడు తెల్ల ఎల్ఈడీలు, ఒక్కోదానికి 68 ఓమ్‌ల రెసిస్టర్. సెల్ నిండుగా 4.2 వోల్టులున్నప్పుడు ఒక్కో ఎల్ఈడీకి 17 మిల్లీఆంపుల దాకా వెళ్తుంది, మొత్తం 50. అంటే కాగితం మీద 6 గంటలు. సెల్ తగ్గేకొద్దీ కరెంటూ తగ్గుతుంది కాబట్టి వెలుతురు మందగిస్తూ ఇంకాసేపు వస్తుంది. వేడికి ముడుచుకుని బిగిసే హీట్‌ష్రింక్ గొట్టం, 2 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ తాడు, ఛార్జింగ్ బోర్డు అన్నీ కలిపి 20 గ్రాములకు మించలేదు.

ఇందులో అన్నిటికంటే ఓపిక కావాల్సిన పని ఎల్ఈడీ కాళ్లు వంచడం. తిన్నగా పెడితే వెలుతురు ఎదురుగా చెట్ల మీద పడుతుంది, అడుగు పెట్టే చోట చీకటే. కిందికి వంచాలి. వంచేటప్పుడు బల్బు మొదట్లో కాళ్లను సన్న పటకారుతో పట్టుకుని, పటకారుకు ఇవతల భాగాన్నే వంచాలి. లేకపోతే ఆ ఒత్తిడంతా బల్బు ఒంటి రెసిన్ మీద పడి లోపలి తీగ తెగిపోతుంది.

టెంట్లో బిళ్ల దీపమే హాయి. పైకొక్కేనికి వేలాడదీసి పల్చటి తెల్ల పాలిథిన్ ముక్క చుడితే టెంటంతా మెత్తటి వెలుగు పరుచుకుంటుంది. సామాను సర్దుకోవడానికి, నాలుగు మాటలు రాసుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. చలి ఎక్కువైన రాత్రి మాత్రం గుడ్డిగా వెలిగింది. చలికి బిళ్ల బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి మళ్లీ మామూలైంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక మాట: బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం తీవ్రంగా కాలిపోవచ్చు. సెల్ ఊడిరాకుండా టేపు గట్టిగా చుట్టాకే ఇలాంటి దీపం వాళ్లున్న చోటికి తీసుకెళ్లాలి.

డార్మిటరీలో ఎర్ర లైటు విలువ తెలిసింది. పైన ఒకరు, కింద ఒకరు పడుకునే మంచాలు. అర్ధరాత్రి ఎవరో తెల్ల లైటు వేస్తే గదిలో అందరూ అటూ ఇటూ దొర్లారు. చీకటికి అలవాటు పడటానికి కంటికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల మెరుపుతో ఆ అలవాటు పోతుంది. మసక ఎర్ర వెలుతురుతో అంత నష్టం ఉండదు. అందుకే నా స్విచ్‌లో మొదట ఎర్రదే వెలిగేలా పెట్టాను. ఒక్క ఇబ్బంది ఉంది, ఎర్ర లైటులో మ్యాపు మీది ఎర్ర, గోధుమ రంగు గీతలు కనబడకుండా పోతాయి. ఎత్తులు చూసుకోవాలంటే దుప్పటి కింద తెల్లది వేసుకోవాల్సిందే. బస శుభ్రంగానే ఉంది, మనుషులూ మంచివాళ్లే. ప్లగ్ పాయింటు మాత్రం గదికి ఒకటే, అదీ ఫోన్ల క్యూలో. ఆ రాత్రి దీపం సెల్‌కు ఛార్జింగ్ ఆశ వదులుకున్నాను.

తెల్లవారుజామున శిఖరం ఎక్కేటప్పుడు పొగమంచు కమ్ముకుంది. నుదుటి మీది వెలుతురు మంచు తుంపర్లకు తగిలి తిరిగి కళ్లలోకే వచ్చింది, ఎదురుగా తెల్ల గోడ తప్ప ఏమీ లేదు. దీపం తీసి, తాడు మణికట్టుకు చుట్టుకుని నడుము ఎత్తులో పట్టుకున్నాను. రాళ్ల నీడలు పక్కకు పడి ఎత్తుపల్లాలు తేటగా తెలిశాయి. తేలిక దీపం వల్ల ఇదొక లాభం. అయితే దూరం చూపించే శక్తి దీనికి లేదు. బాగా నలిగిన దారి కాబట్టి సరిపోయింది. గుర్తులు వెతుక్కుంటూ వెళ్లాల్సిన దారిలో, మంచుగడ్డల మీద, కొన్న దీపమే తీసుకెళ్లాలి. అక్కడ 50 గ్రాములు దండగ కాదు.

లాడ్జి గది ఇరుకే కానీ మంచం పక్కనే ప్లగ్ ఉంది, రాత్రంతా కరెంటుంది. నాకు ఆ ఒక్కటి చాలు, మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. టీపీ4056 ఛార్జింగ్ బోర్డు 1 ఆంపియర్ ఇచ్చేలా వస్తుంది, 300 ఎంఏహెచ్ సెల్‌కు అది ప్రమాదకరం. బోర్డు మీది 1.2 కిలోఓమ్ రెసిస్టర్ తీసి 10 కిలోఓమ్‌ది పెడితే 130 మిల్లీఆంపులకు దిగుతుంది. అలా మార్చుకున్నది కాబట్టి మూడు గంటల్లో నెమ్మదిగా నిండింది. దారిలో పవర్‌బ్యాంకుతో అంత బాగా కుదరలేదు. సెల్ నిండే చివర్లో కరెంటు తగ్గిపోతుంది, పవర్‌బ్యాంకు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతుంది. పైగా సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు, చెడిపోతుంది.

రెండింటిలో ఒకటే తీసుకెళ్లమంటే లిథియందే తీసుకెళ్తాను. కానీ ఆ ఒకటే ఎందుకు? రెండూ కలిపి 30 గ్రాములు. పెద్దది ఆగిపోతే చిన్నది టెంటు దాకా చేరుస్తుంది. తర్వాతి నడకకు పెద్దదానికీ ఎర్ర ఎల్ఈడీ ఒకటి కలుపుతున్నాను, బ్యాగులో దానంతటదే వెలగకుండా స్విచ్‌కు చిన్న ప్లాస్టిక్ అడ్డు కూడా పెట్టాలి.