బురదనీటి బాస్‌కి విగుల్ వార్ట్: రాయికి తగిలితేనే పని

అమెరికాలోని అర్కాన్సా నదిలో ఫిబ్రవరి వానల తర్వాత నీళ్లు పాలు ఎక్కువైన టీలా ఉంటాయి. చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్లు కనపడవు. లాకులూ డ్యాములూ కట్టిన నది కాబట్టి గేట్లు మూసి ఉంటే ప్రవాహం నత్తనడకే. చలికి మందగించిన లార్జ్‌మౌత్ బాస్ చేప ఎర వెంట దూరం పరిగెత్తదు. కంటికంటే ఒంటి పక్క గీతకి అందే అదురునే ఎక్కువ నమ్ముకుంటుంది. స్టార్మ్ కంపెనీ వారి విగుల్ వార్ట్ అనే ఎర పనికొచ్చేది అక్కడే.

చూడ్డానికి బొద్దుగా, రెండంగుళాల ప్లాస్టిక్ బొమ్మ. బరువు 3/8 ఔన్సు, లోపల గలగలలాడే గుళ్లు. అసలు గుణం ఊపులో ఉంది. రీల్ చాలా నెమ్మదిగా తిప్పినా ఒళ్లంతా వెడల్పుగా ఊగుతుంది. ఇలా రీల్ తిప్పుతూ లాగే గట్టి ఎరల్ని క్రాంక్‌బైట్లంటారు; వాటిలో సన్నటివి చాలావరకు ఆ వేగంలో ఊపు లేకుండా వస్తాయి. రెండో గుణం, ఇది తేలే ఎర. ముక్కు రాళ్లలో ఇరుక్కుంటే లాగకండి, లైన్ వదులు చెయ్యండి. వెనక్కి తేలి చాలాసార్లు దానంతటదే బయటపడుతుంది. బాస్ పట్టేది కూడా ఎక్కువగా ఆ తేలే క్షణంలోనే.

గట్టుకి పోసిన రాళ్ల వెంబడి, ఒడ్డుకి దాదాపు సమాంతరంగా విసరాలి. ఎదురుగా విసిరితే ఎర రాళ్లమీద ఉండేది రెండు మూడు గజాలే, మిగతాదంతా వట్టి నీళ్లలో ఈత. 5:1 రీల్ (పిడి ఒక చుట్టు తిప్పితే స్పూల్ ఐదు చుట్లు తిరిగేది), ఏడడుగుల మెత్తటి ఫైబర్‌గ్లాస్ రాడ్, 10–12 పౌన్ల ఫ్లోరోకార్బన్ లైన్ సరిపోతాయి. నాలుగైదడుగుల లోతే ఉండి ముక్కు మరీ నేలలో దూరుతుంటే 17 పౌన్ల లైన్‌కి మారండి; లైన్ లావైతే ఎర పైన ఈదుతుంది. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం దాటాక ఉత్తరపు గట్టు రాళ్లు చూడండి. ఎండ నేరుగా పడేది వాటికే. ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా ఈ కాలంలో పెద్దదే.

రంగు గురించి చాలామంది అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటారు. బురద చిక్కగా ఉంటే ఫైర్‌టైగర్ లాంటి మెరిసే పచ్చ, ఒక అడుగు లోతు దాకా కనిపిస్తుంటే నారింజ పొట్ట ఉన్న గోధుమ క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) రంగు. రెండు చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. రాళ్లకి కొట్టుకుని కొట్టుకుని ఎర ఒక పక్కకి లాగడం మొదలెడుతుంది. మీవైపు వస్తూ కుడికి పోతుంటే, లైన్ కట్టే ముక్కు కొక్కేన్ని మీ ఎడమకి వెంట్రుకవాసి వంచండి. ఒక్కసారే ఎక్కువ వంచితే పాడవుతుంది. వంచి, లాగి చూసి, మళ్లీ వంచాలి. గాలాలు మొద్దుబారితే అదే బరువున్నవే వేయండి. బరువైనవి వేస్తే తేలడం తగ్గి, కొన్నదే దండగ.

పడిపోయిన చెట్ల కొమ్మల్లో మాత్రం దీన్ని విసరకండి. మూడేసి ముళ్లున్న గాలాలు రెండున్న ఎర, పుల్లకి పట్టుకుందంటే ఇక రాదు. అక్కడికి, అలాగే నీళ్లు 45 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లబడ్డాక, నలుపు-నీలం 3/8 ఔన్సు జిగ్ (బరువైన తల ఉన్న ఒంటి గాలం) నయం. వెనక లావాటి ట్రెయిలర్ (మెత్తటి ప్లాస్టిక్ తోక) తగిలించి, నేలమీద అంగుళం అంగుళం జరుపుతూ పది సెకన్లు ఆపొచ్చు. క్రాంక్‌బైట్‌కి ఆ ఓపిక లేదు.

ఇక పాత వార్ట్‌ల గోల. 1999లో రాపాలా అనే ఎరల కంపెనీ స్టార్మ్‌ని కొన్నది. అంతకుముందు తయారైనవే అసలువని, వాటి కోసం కొత్తదానికి ఎన్నో రెట్లు పెట్టేవాళ్లున్నారు. రాళ్లలో పోగొట్టుకునే వస్తువుకి అంత ధర అనవసరం. కొత్తవి మూడు కొని, తిన్నగా ఈదేలా సరిచేసుకుని, మొదటి రెండూ పోతాయని లెక్కేసుకోండి.