బీచ్ ఇసుకా, ఔలీ మంచా?

చెన్నైలో డిసెంబరొచ్చినా స్వెటర్ అక్కర్లేదు. అయినా మా రన్నింగ్ బ్యాచ్‌లో ఒకటే చర్చ: చలికాలం ట్రైనింగ్‌కి ఉత్తరాఖండ్ కొండల్లోని ఔలీ వెళ్లి స్నోషూలు కట్టుకుందామా, ఇక్కడే బీసెంట్ నగర్ బీచ్ ఇసుకలో పరిగెడదామా?

స్నోషూ అంటే బూటు కింద బిగించే వెడల్పాటి చట్రం. బరువు పరుచుకుంటుంది కాబట్టి కాలు మంచులో లోతుగా దిగబడదు. అడుగడుక్కీ మోకాలు పైకెత్తాలి, పాదాలు కాస్త ఎడంగా వేయాలి. దాంతో తొడలూ తుంటి కండరాలూ గట్టిగా పనిచేస్తాయి. మెత్తటి మంచు కదా, తారు రోడ్డు మీదలా మోకాళ్లు అదరవు. స్పీడెంతని వాచీ మాత్రం చూడకండి, ఏడుపొస్తుంది. పైగా ఔలీ 2,500 మీటర్లకు పైన ఉంది. మొదటిరోజు నాలుగడుగులకే ఆయాసం.

ఇసుకా తక్కువదేం కాదు. మెత్తటి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీదకంటే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని కొలిచి చెప్పారు. కాకపోతే మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి. అలల పక్కన తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ నేల సముద్రంవైపు వాలు. వెళ్లేటప్పుడు ఒక కాలు పల్లంలో, వచ్చేటప్పుడు రెండోది.

ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. నా ఓటు ఇసుకకే, అదీ వారానికి రెండుసార్లు, ఎండ ఎక్కకముందు. సెలవు దొరికితే మంచు.