బరంపురం పట్టు, ఫోన్ తెర: వూకామర్స్ దుకాణం నడిపాక నా సమీక్ష

మాది ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల దుకాణం. ఇక్కడి దేవాంగులు మగ్గం మీద నేసే కుంభం అంచు (గుడి శిఖరాల వరస ఉన్న అంచు) చీరలే మా ముఖ్యమైన సరుకు. కొనేవాళ్ళలో ఎక్కువమంది గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగువాళ్ళు, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, సోంపేటల్లో ఉండే వాళ్ళ చుట్టాలు. కోవిడ్ తర్వాత, వెబ్‌సైటు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ మీద, ఆ సైటును దుకాణంగా మార్చే వూకామర్స్ పెట్టుకుని ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టాం. ఇప్పటికీ దానితోనే నడుపుతున్నాం. ఆర్డర్లు దాదాపు అన్నీ ఫోన్ల నుంచే వస్తాయి కాబట్టి, ఫోన్‌లో అది ఎలా పనికొస్తుందో అదొక్కటే రాస్తాను.

వూకామర్స్ ఉచితం, గట్టిది, ఏ భాగాన్నయినా మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కానీ ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే ఫోన్‌లో కొనేవాళ్ళు చివరి పేజీ దాకా వచ్చి వెళ్ళిపోతారు. హోమ్ పేజీ అలంకరణ మీద పెట్టే శ్రద్ధలో సగం అడ్రస్ పేజీ మీద పెట్టినా అమ్మకం పెరుగుతుందని నా గట్టి నమ్మకం.

అందుకే ముందు అడ్రస్ పేజీ సంగతి. మేం మొదలుపెట్టినప్పుడు అందులో పేరు, ఇంటిపేరు, కంపెనీ పేరు, దేశం, రెండు వరసల వీధి చిరునామా, ఊరు, రాష్ట్రం, పిన్, ఫోన్, ఈమెయిల్ అన్నీ ఉండేవి. గుణుపురం నుంచి చీర కొనే పెద్దావిడకి కంపెనీ పేరు ఎందుకు? మాకు ఫోన్ చేసి, "అమ్మా, ఇది నింపకపోతే చీర పంపరా?" అని అడిగినవాళ్ళున్నారు. కంపెనీ పేరు, ఇంటిపేరు తీసేశాం. ఈమెయిల్ ఇష్టమైతేనే ఇమ్మన్నాం. ఖాతా తెరవకుండానే కొనే వీలు సెట్టింగుల్లోనే ఉంది, అది ఆన్ చేయండి. పల్లెల్లో డోర్ నంబరు కంటే "రామమందిరం ఎదురు సందు" అన్నదే పార్సిల్‌ను ఇంటికి చేరుస్తుంది, కాబట్టి కొండగుర్తు కోసం ఒక గడి చేర్చాం. 2023 నవంబరులో వచ్చిన వూకామర్స్ 8.3 వెర్షన్ నుంచి కొత్త దుకాణాలకు బ్లాకులతో (విడివిడి ముక్కలతో) చేసిన చెకౌట్, అంటే అడ్రస్, చెల్లింపు పేజీ, వస్తోంది. పాతదానికంటే అది ఫోన్‌లో చాలా నయం.

రాష్ట్రం గడి మా సరిహద్దు ఊళ్ళకు పెద్ద తలనొప్పి. దుకాణం ఒడిశాలో ఉంది కాబట్టి ఆ గడిలో ఒడిశా ముందే ఎంపికై ఉంటుంది. ఇచ్ఛాపురం కస్టమర్ దాన్ని గమనించకుండా 532తో మొదలయ్యే పిన్ కొట్టి ముందుకెళ్ళిపోతారు. పిన్‌లో ఆరు అంకెలున్నాయా అనే తనిఖీ ఉంది గానీ, అవి ఆ రాష్ట్రానివేనా అనే తనిఖీ లేదు. పార్సిల్ గందరగోళం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, పన్ను కూడా తప్పుతుంది. చీర మీద 5 శాతం జీఎస్టీని ఒడిశాలో అమ్మితే కేంద్రం, రాష్ట్రం చెరి సగంగా వేయాలి, ఆంధ్రాకి పంపితే మొత్తం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) కింద వేయాలి. రాష్ట్రం తప్పుగా పడితే బిల్లే తప్పు. ఇక్కడి కుర్రాడొకడు చిన్న కోడ్ రాసి పిన్ గడిని అన్నిటికంటే పైకి తెచ్చాడు. ఒడిశా పిన్‌లు 75, 76, 77తో మొదలవుతాయి. ఆరు అంకెలూ కొట్టగానే రాష్ట్రం, జిల్లా వాటంతట అవే నిండుతాయి. మేం చేయించిన పనులన్నిటిలో దీనికి పెట్టిన డబ్బే ఎక్కువ కలిసొచ్చింది.

పిన్, ఫోన్ నంబరు గడులు తాకితే అంకెల కీబోర్డు రావాలి. గడుల్లో అక్షరాల సైజు 16 పిక్సెళ్ళకు తగ్గితే ఐఫోన్‌లో పేజీ ఒక్కసారిగా పెద్దదై పక్కకు జరుగుతుంది. ఇవి చెప్పుకోవడానికి చిన్నవే గానీ, కొనేవాళ్ళకు విసుగొచ్చేది ఇలాంటి చోటే.

చెల్లింపు దగ్గర మేం నిజంగా టెన్షన్ పడ్డాం. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో కస్టమర్ యూపీఐ యాప్‌లోకి వెళ్ళి డబ్బు కట్టి తిరిగొచ్చేసరికి వెనక బ్రౌజర్ పేజీ మూసుకుపోయి ఉంటుంది. డబ్బు కటవుతుంది, ఆర్డరు మాత్రం పెండింగ్ అని చూపిస్తుంది. ఆ సమయంలో పర్లాకిమిడి నుంచి ఫోన్ చేసిన ఒకామె గొంతులో భయం నాకింకా గుర్తుంది. మొదట వాడిన చెల్లింపు ప్లగిన్ (సైటుకు అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) కస్టమర్ బ్రౌజర్ తిరిగొస్తేనే ఆర్డరును ఖాయం చేసేది. ఇప్పుడు వాడేది చెల్లింపు సంస్థ సర్వర్ నుంచి మా సర్వర్‌కు నేరుగా కబురు తెచ్చుకుంటుంది, దాన్నే వెబ్‌హుక్ అంటారు. కస్టమర్ ఫోన్ ఆగిపోయినా ఆర్డరు నిలబడుతుంది. ప్లగిన్ ఎంచుకునేటప్పుడు రేటు కంటే ముందు ఈ సంగతి అడగండి. సోషల్ మీడియా యాప్‌లో లింకు నొక్కితే దాని లోపలి బ్రౌజర్‌లోనే సైటు తెరుచుకుంటుంది, అక్కడి నుంచి యూపీఐ యాప్ తెరుచుకోని సందర్భాలు మేం చూశాం. అలాంటివాళ్ళకు "క్రోమ్‌లో తెరవండి" అని పైన ఒక వరస చూపిస్తున్నాం.

ఇక ఫోటోలు. పట్టుచీర కొనే మనిషి అంచును దగ్గరగా చూడాలి, కుంభాల వరస ఎంత పదునుగా ఉందో, వెనకవైపు దారాలు ఎలా ఉన్నాయో చూడాలి. మేం కొన్న థీమ్‌లో (సైటు రూపాన్ని ఇచ్చే రెడీమేడ్ డిజైన్‌లో) వేళ్ళతో పెద్దది చేసుకోకుండా అడ్డుపెట్టి ఉంది. ఐఫోన్ దాన్ని పట్టించుకోదు, ఆండ్రాయిడ్‌లో క్రోమ్ మాత్రం పాటిస్తుంది. చీరలమ్మే సైటులో అది పెద్ద లోపం, వెంటనే తీయించాం. ప్రతి చీరకూ ఒంటిరంగు, అంచు, పమిట, జాకెట్టు ముక్క, వెనకవైపు వేరువేరుగా పెడతాం. ట్యూబులైటు కింద తీస్తే రంగు మారిపోతుంది, కాబట్టి పొద్దున కిటికీ దగ్గర తీస్తాం. అత్తయ్య పక్కన నిలబడి, చేతిలో చీర, తెర మీద చీర ఒకే రంగులో కనిపిస్తేనే సరే అంటుంది.

మోహనా, రాయగడ కొండల వైపు సిగ్నల్ బలహీనం. కెమెరా ఫోటో అలాగే ఎక్కిస్తే ఒక్కొక్కటి కొన్ని ఎంబీలు. 2021లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ వెబ్‌పీ (ఫైలు సైజు తక్కువుండే రకం) ఫోటోలను తీసుకుంటుంది, వాటితో బరువు బాగా తగ్గింది. కిందికి వెళ్ళేకొద్దీ ఫోటోలు దిగే లేజీ లోడింగ్ మంచిదే, కానీ పైన కనిపించే మొదటి ఫోటోకు అది పెట్టకూడదు, పెడితే పేజీ ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెబుతుంది. పరీక్షించేటప్పుడు దుకాణంలోని వైఫై వద్దు. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటాతో చూడండి. మా థీమ్ హోమ్ పేజీలో తిరిగే ఐదు బొమ్మలుండేవి, తీసేసి ఒక్కటే ఉంచాం. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర ముందు, శ్రావణంలో రద్దీ పెరిగినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది.

"కొనండి" బటన్ కింద, బొటనవేలికి అందేచోట కదలకుండా ఉండాలి. వాట్సాప్ గుర్తు దాని మీద పడకుండా చూసుకోండి, చాలా సైట్లలో పడుతుంది. డెలివరీ ఛార్జీ చీర పేజీలోనే చెప్పేయండి. కూపన్ పాప్‌అప్ పెట్టొద్దు.

తెలుగు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మా పిన్ చూసి చాలా సైట్లు ఒడియాలోనో హిందీలోనో తెరుచుకుంటాయి. ఇక్కడ తరతరాలుగా తెలుగువాళ్ళున్నారు, పక్కింట్లో ఒడియావాళ్ళు ఉంటారు, ఇద్దరి పిన్ ఒకటే. భాషను ఊరిని బట్టి ఊహించకుండా మనిషినే ఎంచుకోనివ్వాలి. మేం తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ పైనే కనిపించేలా పెట్టాం. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన వరస ఎత్తు మనకు సరిపోదు, బటన్లలో ఒత్తులు కింద తెగిపోతాయి, గుడులు పైన తెగుతాయి. ఎత్తు పెంచితే సర్దుకుంటుంది. విడిగా తెలుగు ఫాంటు దించాల్సిన పనిలేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందే ఉంటుంది, దాన్నే వాడితే పేజీ తేలికగా ఉంటుంది.

ఇంకా తేలనిది వెతుకులాట. ఒకరు తెలుగులో కుంభం అని, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో తమకు తోచిన స్పెల్లింగుతో, మరొకరు ఒడియావాళ్ళు పిలిచే ఫోడా కుంభ అని కొడతారు. వూకామర్స్ సొంత వెతుకులాట ఇవన్నీ ఒకటే చీరని గుర్తించదు. ప్రస్తుతానికి ప్రతి చీర వివరంలో అన్ని పేర్లూ చేత్తో రాసి పెడుతున్నాం. యాభై అరవై చీరలున్న దుకాణానికి ఇది చేయగలిగిన పనే. అంతకంటే పెద్ద సరుకున్నవాళ్ళు వెతుకులాటకు వేరే ప్లగిన్ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి.