మా సంక్రాంతి టోర్నీకి పిలిపించిన అంపైర్ల జత: అయిదుకి నాలుగు

నేను పర్లాకిమిడిలో ఎరువుల కొట్టు నడుపుతాను. సంక్రాంతి మూడు రోజులూ కొట్టు మా తమ్ముడికి అప్పజెప్పి, ఊరి చివర మైదానంలో షామియానా కింద స్కోరు బుక్కు ముందు కూర్చుంటాను. హార్డ్ టెన్నిస్ బంతి, పది ఓవర్లు, ఎనిమిది జట్లు. పాతపట్నం, టెక్కలి, కాశీనగర్, గుణుపురం అన్నీ వస్తాయి. ఈసారి శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన్ని, కాశీనగర్ నుంచి ఒక కుర్రాడిని జతగా పిలిపించాం. జతగా అని ఎందుకంటున్నానో చెప్తాను.

కిందటేడు ఇద్దర్ని విడివిడిగా మాట్లాడుకున్నాం, మ్యాచ్‌కి వంద తక్కువొస్తుందని. ఒక రనౌట్ దగ్గర గొడవైంది. ఒక జట్టు కోచ్ లోపలికొచ్చి బౌలర్ వైపు అంపైర్ మొహంలో మొహం పెట్టి అరుస్తుంటే, రెండో అంపైర్ స్క్వేర్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కి పక్కవైపు, నిలబడి తాటిచెట్ల వైపు చూస్తున్నాడు. కోచ్ ఆయన దగ్గరికి వెళ్తే "నాకేటి తెలీదు బాబూ, ఆయన్నే అడుగు" అన్నాడు. అంతే, అయిపోయింది. నలభై నిమిషాలు ఆట లేదు. ఆ వంద మిగుల్చుకున్నందుకు షామియానా వాడికి అదనపు అద్దె కట్టుకున్నాం.

ఈ జత మొదటి రోజు టాస్ కాకముందే మా రూల్స్ పేపరు అడిగి తీసుకుంది. పెద్దాయన చదివి, "కోచ్ గీత దాటి వస్తే ఏం చెయ్యాలో ఇందులో లేదేంటండీ?" అన్నారు. నిజమే, లేదు. క్రికెట్ చట్టాల్లో 2017లో ఆటగాళ్ల ప్రవర్తన మీద 42వ లా పెట్టారు. అంపైర్ నిర్ణయం మీద మాటతో గానీ చేతతో గానీ అసమ్మతి చూపిస్తే మొదటిసారి హెచ్చరిక, ఆ జట్టులో ఎవరు మళ్లీ చేసినా అవతలి జట్టుకి అయిదు పరుగులు. కానీ అదంతా ఆటగాళ్లకి. కోచ్‌కి మేమే రాసుకోవాలి. అక్కడికక్కడే పెన్నుతో రాశాం: కోచ్ లోపలికొస్తే జవాబుదారీ కెప్టెన్‌ది, అయిదు పరుగులు. కెప్టెన్లందరి చేతా సంతకాలు పెట్టించారు. ఇదంతా అతి అనిపించొచ్చు. 2022 ఐపీఎల్‌లో వాంఖడేలో ఢిల్లీ సహాయ కోచ్ ప్రవీణ్ ఆమ్రే నో బాల్ కోసం మైదానంలోకి నడిచి, మ్యాచ్ ఫీజు మొత్తం పోగొట్టుకుని ఒక మ్యాచ్ నిషేధం కూడా తెచ్చుకున్నాడు. అంతమంది కెమెరాల ముందే ఆగనివాళ్లు మా తాటిచెట్ల ముందు ఆగుతారా?

ఆగలేదు. సెమీఫైనల్లో మా దగ్గరా నో బాలే. ఫుల్ టాస్, అంటే నేల తాకకుండా వచ్చిన బంతి, బ్యాటర్ లేపాడు, డీప్ మిడ్ వికెట్‌లో క్యాచ్. పెద్దాయన వేలెత్తారు. బ్యాటర్ సగం దూరం వచ్చేశాడు. స్క్వేర్ లెగ్‌లో కుర్రాడు ఏమీ అరవలేదు, పరిగెత్తలేదు. కుడిచెయ్యి నడుము దగ్గర ఆనించి నిలబడ్డాడు. అది వాళ్లిద్దరూ ముందే అనుకున్న సైగ అని తర్వాత తెలిసింది. పెద్దాయన చూసి, బ్యాటర్‌ని ఆగమని, కుర్రాడి దగ్గరికి తనే నడిచి వెళ్లారు. ఆటగాళ్లకి వీపు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు ముక్కలు. వెనక్కొచ్చి, బంతి నడుము ఎత్తు దాటిందని నో బాల్ ఇచ్చారు. వెంటనే అయితే అంపైర్ తన నిర్ణయం మార్చుకోవచ్చని చట్టంలోనే ఉంది.

బౌలింగ్ జట్టు కోచ్ గీత దాటేశాడు. తువ్వాలు ఊపుకుంటూ వచ్చి, "ఆ కుర్రాడు చెప్తే మార్చేస్తారేటి మాస్టారూ?" అన్నాడు. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. "నడుము ఎత్తు పక్కనున్నవాడికే బాగా కనబడుతుంది. ఆయన చూసింది చెప్పారు, నిర్ణయం నాది. మీ కెప్టెన్ని పిలవండి, ఆయనతో మాట్లాడతాను." నాకు నచ్చింది ఆ మధ్య ముక్క. కుర్రాడి నెత్తిన వెయ్యలేదు.

ఈలోగా కుర్రాడు వచ్చాడు. కోచ్‌కి ఎదురుగా నిలబడలేదు. పెద్దాయన పక్కన, అరడుగు వెనక్కి నిలబడి, వస్తున్న ఫీల్డర్లని అరచెయ్యి చూపించి అక్కడే ఆపాడు. గొడవ ఇద్దరి మధ్యే ఉండిపోయింది, పదిమంది మధ్యకి పోలేదు. కిందటేడు లేనిది సరిగ్గా ఇదే.

మా ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్లింది గానీ తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ మిగిలాయి. కోచ్‌కి తెలుగు చాలక ఒడియాలోకి దిగాడు. "ఏ బుఢాకు కిఛి దిశుని" అన్నాడు, అంటే ఈ ముసలాయనకి ఏమీ కనబడటం లేదని. ఆ తర్వాతది ఇక్కడ రాయను. పెద్దాయనకి ఒడియా రాదు. "ఏమంటున్నాడు బాబూ?" అని కుర్రాణ్ణి అడిగారు. కుర్రాడు మొహం కదపకుండా, "నో బాల్ ఎందుకిచ్చారని అడుగుతున్నారు మాస్టారూ" అన్నాడు. నేను స్కోరు బుక్కులో తల దూర్చేశాను. పెద్దాయన పాపం మళ్లీ ఓపిగ్గా నడుము ఎత్తు గురించి మొదలుపెట్టారు. అదే మాట రెండోసారి విన్నాక కోచ్‌కి అరవడానికి ఏమీ మిగల్లేదు. కెప్టెన్ వచ్చి తీసుకుపోయాడు. పెద్దాయన అయిదు పరుగులు నా వైపు సైగ చేసి, నేను చెయ్యెత్తే దాకా ఆట మొదలెట్టనివ్వలేదు. స్కోరర్‌కి ఆ మాత్రం మర్యాద దక్కడం మా వైపు అరుదు.

ఫైనల్లో పెద్దాయన ఒక తప్పు చేశారు. బంతి చొక్కాకి తగిలి కీపర్ చేతిలో పడితే ఔటిచ్చారు. రెండు ఇన్నింగ్స్‌ల మధ్యలో ఆ జట్టు కోచ్ మజ్జిగ గ్లాసుతో కుర్రాడి పక్కన చేరి, "నువ్వయితే ఇచ్చేవాడివి కాదు కదా" అన్నాడు, మెల్లగా, స్నేహంగా. అరుపు కంటే ఇది ప్రమాదం. "ఆ ఎండ్‌లో నేను లేనండీ" అని కుర్రాడు మజ్జిగ తాగి లేచిపోయాడు. సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర మాత్రం పెద్దాయనతో "చొక్కా మాస్టారూ" అన్నాడు. ఆయన తల ఊపారు, అంతే.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, మొదటి రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, ఆటో దొరకలేదట. పెద్దాయన ఒకసారి ఏడు బంతుల ఓవర్ వేయించారు. అంపైర్ లెక్కే చెల్లుతుందని చట్టం చెప్తుంది, నిజమే, కానీ ఆ ఏడో బంతి ఫోర్ వెళ్లింది. అన్నిటికంటే, రసీదు అడిగితే ఇవ్వలేదు, కమిటీ లెక్కల్లో నేనే చేత్తో రాసుకున్నాను.

మ్యాచ్‌కి ఇద్దరికీ కలిపి 1,400. ఏడు మ్యాచ్‌లకి 9,800, ఆటో ఖర్చులు 900. భోజనం మనదే. ఒక్కణ్ణే పంపమంటే రారు, అడగొద్దు.

వచ్చే సంక్రాంతికి 500 అడ్వాన్సు మొన్ననే పంపాను. కుర్రాడు ఫోన్‌లో దొరికితే, ఆ కోచ్ ఒడియాలో ఏమన్నాడో మాస్టారికి చెప్పావా అని అడిగాను. "ఇంతవరకూ అడగలేదండీ" అన్నాడు.