నాలుగు స్క్రూలు విప్పినందుకు 50 డాలర్లు

పాత బేస్ గిటార్ కొందామని దక్షిణ కాలిఫోర్నియా వెళ్లేవారికి ముందే చెబుతున్నాను: నెక్ (గిటారుకు మెడలాంటి పొడవాటి భాగం) విప్పి చూపించమంటే నసిగే దుకాణంలో కాఫీ ఇస్తామన్నా కూర్చోకండి. మేము కూర్చున్నాం. ఒక పూట భోజనమూ 50 డాలర్లూ పోయాయి. ఇంకాస్త మొహమాటపడి ఉంటే 11,800 డాలర్లు పోయేవి.

వెళ్లింది నేనూ మా బావమరిదీ. వాయించేది వాడు, కూడబెట్టేది నేను. చేతిలోకి తీసుకోగానే బాగా మోగితే వాడికి చాలు. నాకు మాత్రం ఏ ఏడాదిది, ఎవరు విప్పారు, ఏం మార్చారు అన్నీ తేలాలి. నాలుగు రోజులూ ఈ తగవు మా మధ్య నడుస్తూనే ఉంది.

మొదటి రోజు ఫుల్లర్టన్. ఫెండర్ గిటార్ల కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1938లో రేడియోల మరమ్మతు దుకాణం పెట్టుకున్న ఊరు, 1951లో ఆయన బేస్ గిటార్ ప్రెసిషన్ బేస్ పుట్టిన ఊరు. ఊళ్లో మ్యూజియం చూశాం, బాగుంది. దారిలో వాడిచేత ఈ బేస్‌లు మారుతూ వచ్చిన సంవత్సరాలు ఎక్కాల్లాగా అప్పజెప్పించాను. 1951లో పలకలాంటి బాడీ, ఒంటి పికప్ (తీగల మోతను పట్టే అయస్కాంతపు భాగం). 1954లో చేయి, పొట్ట ఆనేచోట వంపులు. 1957లో రెండు ముక్కల పికప్, పెద్దదైన హెడ్‌స్టాక్ (నెక్ కొసన తల). 1959లో రోజ్‌వుడ్ చెక్కతో ఫ్రెట్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక). 1960లో జాజ్ బేస్. 1965 జనవరిలో కంపెనీ సీబీఎస్ అనే ప్రసార సంస్థ చేతికి పోయింది, అంతకుముందు చేసినవే మేలని పేరు. "సీబీఎస్‌కు ముందుది" అన్న మాటకే అమ్మకందారు ధర ఒక మెట్టు ఎక్కించేది అందుకే. నాలుగోసారి మొదలుపెట్టేసరికి వాడు రేడియో గొంతు పెంచాడు.

ఆ రాత్రి బస ఒక రోడ్డు పక్క మోటెల్లో. గది 129 డాలర్లని చూసి బుక్ చేస్తే, కౌంటరు దగ్గర కారు నిలిపినందుకు 22, "సౌకర్యాల రుసుము" 28, పన్ను మళ్లీ వేరుగా. ఆ సౌకర్యాలేమిటని అడిగాను. ఈతకొలను అంది అక్కడున్న అమ్మాయి. కొలను చుట్టూ పసుపు టేపు కట్టి ఉంది, లోపల ఎండుటాకులు. "కొలనైతే ఉంది కదండీ, ప్రస్తుతానికి నీళ్లు లేవంతే" అంది. బావమరిది గదికి వెళ్లేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఏసీ నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతుంటే గిటార్ కేసు పెట్టుకోవడానికి పొడిగా ఉన్న మూల వెతుకుతున్నాను. ఇంకా కొనని గిటారుకు!

మర్నాడు ఉదయం ఆ దుకాణం. పేరూ ఊరూ రాయను. 1963 ప్రెసిషన్ బేస్, సన్‌బర్స్ట్ రంగు, తాబేటిచిప్ప చారల పిక్‌గార్డు (బాడీ ముఖాన్ని కప్పే రేకు), అన్ని భాగాలూ పుట్టినప్పటివే అన్నది ప్రకటన. బావమరిది ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు వాయించాడు. చక్కగా మోగింది, కాదనను. యజమాని మొదట చూపించింది వెనక నెక్ ప్లేటు మీది నంబరు. 'ఎల్' అక్షరంతో మొదలవుతోంది, 1963కి సరిపోయేదే. కానీ ఆ ప్లేటు నాలుగు స్క్రూలతో నిలిచే రేకు ముక్క. గిటారు మొత్తంలో అంత తేలిగ్గా మారిపోయేది ఇంకొకటి లేదు.

నెక్ విప్పమన్నాను. "పాత స్క్రూలు, విప్పితే విలువ పడిపోతుంది" అన్నాడు. పడిపోదు, జాగ్రత్తగా విప్పితే విలువ తెలుస్తుంది అన్నాను. కాఫీ తెప్పించాడు. ఎవరో పేరున్న కళాకారుడు మొన్ననే వచ్చి చూసి వెళ్లాడన్నాడు. ఇంకోసారి అడిగితే అప్పుడు బయటపెట్టాడు దుకాణం నియమం: విప్పినందుకు 50 డాలర్లు, కొంటే ధరలో తగ్గిస్తారట. బావమరిది నా చొక్కా లాగాడు, "వద్దులే బావా, బాగానే ఉంది కదా" అని. నేను కార్డు తీసి ఇచ్చాను.

ముందు పిక్‌గార్డు తీశారు. ఫెండర్ ఆ రోజుల్లో బాడీ ముఖం మీద చిన్న మేకులు కొట్టి, రంగు ఆరేటప్పుడు వాటినే కాళ్లుగా నిలిపేది. తరువాత ఆ మేకులు పీకేస్తే మిగిలే సన్నని బెజ్జాలలో రంగు ఉండదు, పచ్చి చెక్కే కనిపిస్తుంది. బెజ్జాల్లో రంగు దిగి ఉంటే తరువాత ఎవరో మళ్లీ రంగు వేశారని అర్థం. దీనికి అసలు బెజ్జాలే లేవు. పైగా లావు తీగ వైపు పూడ్చిపెట్టిన రెండు రంధ్రాలు కనిపించాయి. వేళ్లు ఆనించుకునే పట్టీ పాత వాటికి సన్న తీగ వైపు ఉండేది, లావు తీగ వైపుకు మారింది 1974లో. అంటే ఈ బాడీ వయసు పదకొండేళ్లు తగ్గింది.

ఇక వాల్యూమ్ పాట్, అంటే మోత పెంచే తగ్గించే గుండీ కింద ఉండే భాగం. దాని వీపు మీద అంకెలు చెక్కి ఉంటాయి. 304తో మొదలైతే స్టాక్‌పోల్ కంపెనీ చేసింది, 137 అయితే సీటీఎస్ కంపెనీ చేసింది. తరువాతి అంకెలు తయారైన సంవత్సరం, చివరి రెండు ఆ ఏటి వారం. ఇక్కడ 304 పక్కన 66 ఉంది. 1966లో చేసిన పాట్‌లు ఫెండర్ దగ్గర గుట్టలుగా మిగిలి ఆ దశాబ్దం చివరిదాకా వాడారు కాబట్టి 1968 బేస్‌లో కనిపించినా ఆశ్చర్యం లేదు. 1963 గిటార్‌లోకి 1966 పాట్ పుట్టుకతో వచ్చే దారి మాత్రం లేదు. టంకం కూడా తళతళలాడుతోంది. అరవై ఏళ్ల టంకం మసకబారి ఉండాలి.

చివరికి నెక్. దాని మడమ (బాడీకి బిగించే కొస) మీద నెల, సంవత్సరం, వెడల్పు తెలిపే అక్షరం ముద్ర వేసి ఉండాలి. ప్రెసిషన్ బేస్‌కు మామూలుగా ఆ అక్షరం 'సి', అంటే నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర 1.75 అంగుళాలు. మా ముందున్న మడమ మీద ఏమీ లేదు. గరుకు కాగితం పెట్టి రుద్దేసిన తెల్లటి చెక్క, అంచున మాత్రం నీలి సిరా మరక ఒకటి, చీమ తలకాయంత.

నేను ఏమీ అనలేదు. బావమరిది కూడా ఏమీ అనలేదు. యజమానే కాసేపాగి, "సరే, మీకు 9,000కి ఇస్తాను" అన్నాడు.

బయటికొచ్చాక కారులో వాడు మళ్లీ మొదలుపెట్టాడు. "మోగుతోంది కదా బావా." మోగడానికి ఎవరూ పదివేలు ఇవ్వరు, ఏడాదికి ఇస్తారు అన్నాను. ఇద్దరికీ ఆకలి. ఆ మధ్యాహ్నం మేము మాట్లాడుకున్నది అంతే.

మూడో రోజు పొద్దున కార్ల్స్‌బాడ్‌లో సంగీత వాద్యాల తయారీ మ్యూజియం, ఇబ్బంది లేకుండా గడిచింది. మధ్యాహ్నం ఎవరో చెప్పగా ఒక మరమ్మతుదారు షెడ్డుకు వెళ్లాం. డెబ్భై దాటిన పెద్దాయన. గంటకు 90 డాలర్లు అన్నాడు, గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టి 90 మాత్రమే తీసుకున్నాడు. ఈ ప్రయాణంలో వసూలైన ఖర్చు అదొక్కటే. తలుపు మూసి, అతినీలలోహిత టార్చి వేసి, బల్లమీదున్న బాడీ చూపించాడు. పాత నైట్రోసెల్యులోజ్ (ఆ కాలపు వార్నిషు) పూత పచ్చగా, కాస్త మబ్బుగా వెలుగుతోంది; ఎవరో తరువాత సరిదిద్దిన చోటు అరచేయంత నల్లటి మచ్చలా ఉండిపోయింది. దీపం వేస్తే ఆ మచ్చ ఎక్కడుందో నేను చెప్పలేకపోయాను. బావమరిది మొదటిసారి ఫోను జేబులో పెట్టుకుని ముందుకు వంగాడు.

మళ్లీ రంగు వేసినదానికి అసలు రంగుతో ఉన్నదాని ధరలో సగం, అటూ ఇటూగా: ఇది ఆయన లెక్క, ఈ వ్యాపారంలో చాలామంది లెక్క కూడా. గిబ్సన్ కంపెనీ బేస్ థండర్‌బర్డ్ చూడబోతే ముందు హెడ్‌స్టాక్ మెడ దగ్గర వేలితో తడమమన్నాడు. అది వెనక్కి వాలి ఉంటుంది, గిటారు పడితే విరిగేది అక్కడే. ఎంత బాగా అతికించినా ధర అతకదట.

ఆయన ద్వారానే 1966 ప్రెసిషన్ బేస్ ఒకటి దొరికింది. డెబ్భైల్లో ఎవరో రంగంతా గీకేసి చెక్క రంగులో వదిలేశారు. యజమానురాలు ఏమేం మారాయో పసుపు కాగితం మీద రాసి ఇచ్చింది: రంగు, ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), ఒక వైరు. అడిగే లోపే స్క్రూడ్రైవర్ తెచ్చి నెక్ విప్పింది. మడమ మీద ముద్ర, పక్కన 'సి'. పాట్ మీద 304, ఆ పక్కన 66. ఆ దుకాణంలో ఒకదాన్ని పట్టించిన అంకెలే ఇక్కడ సాక్ష్యం చెప్పాయి. 4,300 అడిగింది, 4,100కి ఇచ్చింది. మోగుడులో ఆ దుకాణంలోదే మేలని బావమరిది ఇప్పటికీ అంటాడు.

దేశం దాటించాలనుకునేవారికి ఒక హెచ్చరిక: 1960ల మధ్యదాకా ఈ ఫ్రెట్‌బోర్డులు బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెట్టు 1992 నుంచి సైటీస్ (అంతరించిపోతున్న జాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే వాద్యం జప్తయ్యే ప్రమాదం ఉంది. మాది మారుతున్న కాలంలోది కాబట్టి చెక్క ఏదో తేలేదాకా కదిలించవద్దన్నాడు పెద్దాయన.

నిన్న రాత్రి ఆ దుకాణం ప్రకటన మళ్లీ చూశాను. ధర 10,900కి దిగింది. "అన్నీ పుట్టినప్పటివే" అన్న మాట పోయి "స్వల్ప మార్పులతో" అని వచ్చింది. 1963 మాత్రం అలాగే ఉంది.