ఏడు గడుల ఆలోచనల పట్టిక: రెండేళ్లు వాడాక

సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ సరిచేసుకుంటూ సాగే మానసిక చికిత్స) అంటే ఏమిటో, అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దాన్ని ఎలా మొదలుపెట్టాడో చాలామంది చదివే ఉంటారు. అవన్నీ వదిలేస్తున్నాను. ఇది థెరపిస్టు మొదటి సెషన్లలోనే చేతికిచ్చే ఆ ఒక్క కాగితం గురించి. సందర్భం, భావం, ఆలోచన, దానికి అనుకూలమైన ఆధారాలు, వ్యతిరేకమైన ఆధారాలు, సమతూకంగా తిరగరాసిన ఆలోచన, మళ్లీ భావం: మొత్తం ఏడు గడులు. ఈ కాగితం విలువంతా ఒక్క మూడో గడిలోనే ఉందనొచ్చు.

మూడో గడికి ఉన్న నియమం ఒక్కటే: ఆలోచనను ప్రశ్నగానో అనుమానంగానో వదిలేయకూడదు, తేల్చి చెప్పే వాక్యంగా రాయాలి. తెలుగులో ఆందోళన వచ్చేదే ‘ఏమో’ తోక తగిలించుకుని. ‘ఉద్యోగం పోతుందేమో’, ‘నన్ను చూసి నవ్వుకున్నారేమో’. ఆ ‘ఏమో’ ఉన్నంతసేపూ ఆధారం వెతకడం కుదరదు, అది ఏదీ గట్టిగా అనలేదు కదా. తోక కోసేసి ‘ఈ నెలాఖరుకు నా ఉద్యోగం పోతుంది’ అని రాసి, ఎంత నమ్ముతున్నామో 0 నుంచి 100 మధ్య ఒక అంకె పక్కన వెయ్యాలి. రాయకముందు నూటికి నూరుపాళ్లు ఖాయం అనిపించింది, రాసేసరికి 60 దగ్గర ఆగిపోవడం మామూలే. మిగతా గడుల జోలికి వెళ్లకముందే పని సగం అయిపోతుంది.

రెండో గడిలో చిక్కు ‘అనిపిస్తోంది’ అనే మాటతో. ‘ఎవరికీ అక్కర్లేదనిపిస్తోంది’ భావంలా వినిపిస్తుంది గానీ అది ఆలోచన, మూడో గడిలోకి పోవాలి. రెండో గడిలో ఒక్క మాట పట్టాలి: బాధ 70, భయం 85, సిగ్గు 40. ఒక్క మాటలో ఇమడకపోతే అది భావం కాదు. మొదటి గడిలో కెమెరాకు చిక్కేది మాత్రమే రాయాలి. ‘నన్ను అవమానించాడు’ కాదు. ‘ఉదయం పదకొండింటికి, నలుగురి ముందు, ఇది మళ్లీ చూడండి అన్నాడు’. భయం 90 దాటినప్పుడు రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడదు. కాస్త దిగాక, కానీ అదే రోజు రాయాలి. పావుగంట చాలు. మర్నాటికి వాయిదా వేస్తే సందర్భం గుర్తుంటుంది, అసలు ఆలోచన చెరిగిపోతుంది.

ఇక ఐదో గడి, అంటే వ్యతిరేక ఆధారాలది. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

‘తాళం వేయలేదు’, ‘ఈ మచ్చ పెద్ద జబ్బు’ లాంటి వాటి మీద ఈ పట్టిక ప్రయోగిస్తే మొదట అద్భుతంగా పనిచేస్తుంది. వేసినట్టు గుర్తుంది, తాళంచెవి జేబులోనే ఉంది, ఇదివరకు వందసార్లు వేసే ఉంది. భయం 90 నుంచి 20కి దిగుతుంది. గంటలో మళ్లీ వస్తుంది. మళ్లీ రాస్తే మళ్లీ దిగుతుంది, ఈసారి 40కే. నాలుగు వరుసల ఆధారాలు రెండు పేజీలవుతాయి. వారానికి మూడు కాగితాలు కాస్తా రోజుకు ఆరు. బయటినుంచి చూసేవాళ్లకు హోంవర్కు శ్రద్ధగా చేస్తున్నట్టే కనిపిస్తుంది, అందుకే ఇది చాలాకాలం పట్టుబడదు. జరుగుతున్నది మాత్రం తాళం లాగి చూడటమే, కాకపోతే పెన్నుతో. చూసుకున్న ప్రతిసారీ భయం చప్పున దిగుతుంది కాబట్టి, చూసుకోవడమే అలవాటుగా బిగుసుకుంటుంది. చూసుకోకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం మనసుకు దొరకదు.

పట్టుకోవడానికి గుర్తులు మూడు. వరుసగా నాలుగైదు కాగితాల్లో మూడో గడిలో అదే వాక్యం ఉండటం. ఉపశమనానికీ, భయం తిరిగి రావడానికీ మధ్య ఎడం తగ్గుతూ పోవడం. రాయకుండా ఇల్లు కదలలేకపోవడం. ఈ మూడూ కనిపిస్తే కాగితాలన్నీ తేదీల వారీగా పేర్చి థెరపిస్టు ముందు పెట్టాలి. విడివిడిగా చూపిస్తే ప్రతి కాగితమూ బాగానే ఉంటుంది.

అక్కణ్నుంచి దారి వేరు. ఓసీడీకి (వదలని భయాలు, వాటిని అణచడానికి పదేపదే చేసే పనులు ఉండే జబ్బు) వాడే ఎక్స్‌పోజర్ పద్ధతి (మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ 1966లో వివరించినది) దీనికి సరిగ్గా తిరగబడిన పని చేయిస్తుంది. ఐదో గడి ఖాళీగా వదిలేయాలి. ‘వేసి ఉండొచ్చు, వేయకపోయి ఉండొచ్చు’ అని రాసి, చూసుకోకుండా, ఎవర్నీ అడక్కుండా, చేస్తున్న పని కొనసాగించాలి. మూడో గడిలో కోసేసిన ‘ఏమో’ని ఇక్కడ మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాలన్నమాట. పైన మెచ్చుకున్నదానికి ఈ మినహాయింపు కలిపి చదువుకోండి.

ఏడో గడి గురించి కూడా కొంత తగ్గించి చెప్పాలి. 80 నుంచి 50కి దిగితే పట్టిక పనిచేసినట్టే. సున్నా కోసం ప్రయత్నిస్తే, థెరపిస్టును సంతోషపెట్టడానికి వేసిన అంకెలు మిగులుతాయి. అసలు కదలకపోతే ముందు ఆరో గడి చూడాలి. అక్కడ ‘అంతా మంచే జరుగుతుంది’ లాంటిది రాసి ఉంటుంది, దాని మీద నమ్మకం 50 కూడా ఉండదు.

డిప్రెషన్ బాగా కుంగదీసిన రోజుల్లో ఈ కాగితం తీయకపోవడమే మేలు. వ్యతిరేక ఆధారాల గడి ఖాళీగా మిగిలిపోతుంది, ‘ఇది కూడా చేతకాలేదు’ అన్నదానికి అదే కొత్త ఆధారమవుతుంది. అప్పుడు గంటల వారీ పనుల పట్టిక నయం: స్నానం, పది నిమిషాల నడక, ఒక ఫోను, ఒక్కోదానికి ఎంత హాయి, ఎంత చేశామన్న తృప్తి అని 0 నుంచి 10 వరకు అంకెలు. ఆలోచన నిజమే అయితే, అంటే అప్పు నిజంగానే ఉంటే, ఆధారాలు వెతికి లాభం లేదు, అప్పు సంగతి చూడాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే దాన్ని గడుల్లో నింపుతూ కూర్చోకూడదు. అదే రోజు దగ్గరివాళ్లకూ డాక్టరుకూ చెప్పాలి; ఆగలేనట్టుంటే నేరుగా ఆస్పత్రికి పోవాలి.

కొనసాగిస్తానా అంటే, అవును, కొన్ని షరతులతో. ఈ వాడకమంతా జీఏడీ-7లో (ఆందోళనను కొలిచే ఏడు ప్రశ్నల పత్రం) 10కీ 14కీ మధ్య తిరిగే మధ్యస్థ ఆందోళనకు, కాగితాలు చదివే థెరపిస్టు వారానికోసారి కనబడే పరిస్థితిలో జరిగింది. ఒంటరిగా, పుస్తకం చూసి మొదలుపెట్టేవాళ్లకు ఐదో గడిలో జరిగేది ఎవరు చెబుతారో నాకు తోచట్లేదు. ఇప్పుడు వాడకం వారానికి ఒకటో రెండో కాగితాలు, అవీ మూడో గడి దాకానే.