చండీగఢ్ అంటే రాక్ గార్డెన్ ఒక్కటే కాదండీ

గోదావరి జిల్లాల నుంచి సిమ్లా, మనాలి ప్యాకేజీలు తీసుకెళ్లే ఏజెంట్లు చండీగఢ్‌కి ఒక్క పూట కేటాయిస్తారు. రాక్ గార్డెన్, సుఖ్నా చెరువు చూపించి బస్సెక్కించేస్తారు. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన క్యాపిటల్ కాంప్లెక్స్, అంటే హైకోర్టు, శాసనసభ, సచివాలయం ఉన్న ఆవరణ, ఆ పక్కనే ఉంది. చూడటానికి పైసా అక్కర్లేదు. అయినా చూపించరు. డబ్బు కట్టినవాళ్లకి ఇది అన్యాయం.

సెక్టార్ 1లోని టూరిస్ట్ సెంటర్‌లో పేర్లు రాయించుకుంటే గైడు వెంట గుంపుగా పంపుతారు. అందరి దగ్గరా ఒరిజినల్ ఆధార్ ఉండాలి, జిరాక్సులు నమ్ముకోవద్దు. అవి పనిచేస్తున్న కోర్టు, శాసనసభ, సచివాలయం కాబట్టి ఏ భవనం లోపలికి వదులుతారన్నది ఆ రోజు భద్రతను బట్టి ఉంటుంది. పనిదినాల్లో వెళ్లడమే మేలు.

ముందు హైకోర్టు చూడండి. డాబా మీద తాటాకు పందిరి వేసినట్టు, కప్పు మీద ఇంకో కప్పు ఎత్తి, మధ్యలో గాలాడేలా ఖాళీ వదిలాడు దీన్ని రూపొందించిన ఆర్కిటెక్టు లె కార్బుజియే. ముందువైపు కాంక్రీటు గళ్లు ఎండని గదుల్లోకి రాకుండా ఆపుతాయి. ఉక్కపోతలో పుట్టి పెరిగిన మనకి ఆ తెలివి చూడగానే అర్థమవుతుంది. సచివాలయం పొడవు 254 మీటర్లు. 26 మీటర్ల ఎత్తున్న 'ఓపెన్ హ్యాండ్' అనే తెరిచిన చెయ్యి ఆకారపు శిల్పం గాలికి తిరుగుతుంది. భవనాల మధ్య నడక చాలా ఉంది, నీడ లేదు. గొడుగు, నీళ్లసీసా తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మధ్యాహ్నం తిప్పితే సాయంత్రం దాకా విసుక్కుంటూనే ఉంటారు.

సెక్టార్ 10 మ్యూజియం, సెక్టార్ 19లోని లె కార్బుజియే సెంటర్ సోమవారం మూసేస్తారు. పంజాబ్ యూనివర్సిటీలో లె కార్బుజియే బంధువు, ఆర్కిటెక్టు పియర్ జానరే కట్టిన గాంధీ భవన్‌ని, చుట్టూ కొలనులో నీళ్లుంటేనే, అరగంట కూర్చుని చూడాలి.

బస విషయంలోనే ఎక్కువ మోసం. కాగితం మీద చండీగఢ్ అని రాసి, ఊరి బయట జీరక్‌పూర్‌లో దించుతారు. మిగిల్చామనుకున్న డబ్బు ఆటోలకే పోతుంది. సెక్టార్ 22లో గది కావాలని ముందే పట్టుబట్టండి. ఊరి ప్రధాన బజారైన సెక్టార్ 17 అక్కణ్నించి నడిచి వెళ్లేంత దగ్గర. రొట్టెలతో పెద్దవాళ్లు మొహం ముడిస్తే సెక్టార్ 17లోని ఇండియన్ కాఫీ హౌస్‌లో దోసె దొరుకుతుంది. అన్నమే కావాలంటే రాజ్మా చావల్ అడగండి.

రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూఢిల్లీలో శతాబ్దికి మారొచ్చు. డిసెంబరు, జనవరి పొగమంచులో ఢిల్లీ రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో అయితే శతాబ్ది మర్నాటికి తీసుకోండి.